ట్యాంకు మీద నానమ్మ వేళ్లు

"ట్యాంకులో నీళ్లెంత ఉన్నాయి తల్లీ? నీళ్ల లారీ క్లెమ్ నా పక్కనే ఉన్నాడు. మనకి అక్కర్లేదంటే ట్రెంబాత్ వాళ్లింటికి పోతాడు," ఫోన్లో అడిగాడు నాన్న.

సోఫాలో బోర్లా పడుకుని బొమ్మలేస్తున్న మెరిన్ తల కూడా ఎత్తలేదు. "హీప్స్, డాడ్!"

మెరిన్‌కి అన్నీ హీప్సే, అంటే కుప్పలే. హోంవర్కు హీప్స్. ఈగలు టన్నులు. గోడ మీద చీమలైతే జిలియన్లు. ఒకటి, రెండు అనే అంకెలు ఆ పదేళ్ల పిల్లకి ఆనేవే కావు.

గంట తర్వాత నానమ్మ తల్లిలేని మూడు గొర్రెపిల్లలకి పాలపొడి కలపబోయింది. కుళాయి గుర్రుమంది. నీళ్లు చుక్క చుక్కగా పడ్డాయి. బయట గొర్రెపిల్లలు ఆకలికి ఒకటే అరుపు.

నానమ్మ సీసాని కుళాయి కింద పెట్టి పెరట్లోకి నడిచింది. మెరిన్ వెనకాలే వెళ్లింది. ముడతల రేకు ట్యాంకు మీద, పైనుంచి ఒక్కో ముడతనీ నానమ్మ వేలి కణుపుతో కొడుతూ వచ్చింది. ఠంగ్. ఠంగ్. ఠంగ్. వంగింది. ఇంకా వంగింది. అట్టడుగున డబ్ అంది.

"నీళ్లు ఒక్క ముడత ఎత్తే ఉన్నాయి. పొదుపుగా వాడితే రెండు రోజులు."

నిచ్చెన ఎక్కలేదు, లోపలికి చూడలేదు! మెరిన్ నోరు తెరుచుకుని ఉండిపోయింది. "నీకెలా తెలిసింది గ్రాన్?"

"నీళ్లున్న చోట రేకు నోరు మూసుకుంటుంది. నువ్వే మూసుకోవు. కుప్పలన్నీ నీ నోట్లోనే ఉన్నాయమ్మా, ట్యాంకులో లేవు."

మెరిన్ మొహం చిన్నబోయింది. ఇంత తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంటే, తను ఒక్క మాట అడగనైనా లేదు. తనూ వేలితో కొట్టింది. మొదటిసారి ఏమీ తెలియలేదు. నాలుగోసారికి ఠంగ్‌కీ డబ్‌కీ తేడా తెలిసింది. వేలు ఎర్రబడింది.

లోపలికెళ్లి ఫోన్ తీసింది. "డాడ్, ఇందాక నేను చూడకుండానే చెప్పేశాను. ఒక్క ముడతే ఉంది. సారీ."



"క్లెమ్ వెళ్లిపోయాడు. మళ్లీ గురువారమే వస్తాడు," అన్నాడు నాన్న. "సరే, డ్రమ్ముల్లో తెస్తాను. ఎన్ని తేవాలో చెప్పు. గొర్రెల తొట్టిలో నీళ్లున్నాయా?"

"హీ..."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. మెరిన్ దాన్ని మింగేసింది.

"లైన్లో ఉండు డాడ్. చూసొచ్చి చెప్తా."

ఫోన్ బల్ల మీద పెట్టి, చెప్పులైనా వేసుకోకుండా తొట్టి వైపు పరుగు తీసింది.