తొమ్మిది గంటల దారి

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టిందో లేదో, వాకిట్లో టాక్సీ ఆగింది. చెల్లెలు తలుపు తీసేసరికి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. నిలబడి ఉంది అనడం మర్యాద కోసం. నిజానికి పెట్టె పట్టుకుని వేలాడుతోంది.

విమానాశ్రయం నుంచి ఆమెను తీసుకొచ్చిన చెల్లెలి భర్త పెళ్ళాం చెవిలో గొణిగాడు. "దారంతా ఒక్క మాట లేదు. మీ అక్కనే తెచ్చానా, ఇంకెవర్నైనా ఎక్కించుకొచ్చానా అని భయమేసింది."

అక్క రిటైరైన భూగోళం టీచరు. గ్లోబు మీద దారం పెట్టి దూరం కొలుస్తుంది, దాన్ని విమానం వేగంతో భాగిస్తుంది, వచ్చిందే ప్రయాణకాలం. రెండు విమానాశ్రయాల మధ్య మనుషులు కూడా దారంలాగే తిన్నగా పోతారని ఆమె నమ్మకం. కిందటేడు అమ్మకు బాగాలేదని ఈ పరాయి దేశం నుంచి బయల్దేరిన చెల్లెలు మూడోరోజుకి ఊరు చేరింది. అప్పటికి అంతా అయిపోయింది. "తొమ్మిది గంటల దారి. ఇంతసేపు ఎక్కడ తిరిగావే?" అని అక్క అందరి ముందూ అడిగేసింది. ఆనాటి నుంచీ ఫోనులో పొడిపొడి మాటలే. ఇప్పుడు చెల్లెలి మోకాలికి ఆపరేషనంటే మాత్రం "నేనొస్తున్నా" అని ఫోను పెట్టేసి, జీవితంలో మొదటిసారి విమానం ఎక్కింది.

"విమానంలో నిద్రపట్టిందా వదినా?" అన్నాడు భర్త, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి.

"ఏ విమానంలో మరిదీ? మూడెక్కాను. మధ్యలో రాత్రంతా ఇనప కుర్చీ. చెప్పులు విప్పమన్నారు, విప్పాను. వేసుకోగానే ఇంకొకాయన మళ్ళీ విప్పమన్నాడు. ఇప్పుడు కాళ్ళు వాచి, నేను విప్పుదామన్నా రావట్లేదు."

"తొమ్మిది గంటలే కదక్కా," అంది చెల్లెలు. నవ్వుతూ అందామనుకుంది. నవ్వు రాలేదు.

భర్తకు వంటింట్లో ఏదో పని గుర్తొచ్చింది.

అక్క తలెత్తలేదు. "అను. ఇంకా అను."

"ఓపిక లేదక్కా. ఏడాదంతా మనసులో అనుకునే అలిసిపోయాను."

అక్క వాచిన కాళ్ళకేసి చూసుకుంటూ అడిగింది.

"అమ్మ సంగతి నీకెక్కడ తెలిసింది?"

"రెండో విమానం దిగాక. బావ ఫోన్ చేశాడు. ఆ పైన ఇంకో విమానం మిగిలే ఉంది."

"తెలిశాక కూడా... ఒక్కదానివే కూర్చున్నావా?"

"పక్కన ఎవరో పెద్దాయన. కిటికీ సీటు నాకిచ్చి, అటు తిరిగి ఏడవమ్మా అన్నాడు."

అక్క మొహం ముడుచుకుపోయింది. కుర్చీలోంచి లేవబోయింది, కాళ్ళు లేవనివ్వలేదు. కూర్చునే చేతులు చాపింది.

"నేను రాలేనే. నువ్వే రా."

చెల్లెలు గోడ పట్టుకుని, బల్ల పట్టుకుని, మోకాలు ఈడ్చుకుంటూ మెల్లగా వచ్చింది. వచ్చేదాకా అక్క చేతులు దించలేదు.