నాలుగో చరణం

అమీర్‌పేటల ఆ గల్లీ మీలో చాలామంది చూసే ఉంటరు. కోచింగ్ సెంటర్ల బోర్డులన్నీ దాటినంక ఎడమకు తిరుగుతది. గల్లీ నడుమ ఒక మూడంతస్తుల బిల్డింగు, దాని కింద ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండే సెల్లారు, ఆ సెల్లారుకు తుప్పు పట్టిన గేటు. పొద్దంతా అక్కడ పిల్లలు నోట్సులు పట్టుకొని నిలబడి చాయ్ తాగుతుంటరు. పొద్దుగూకిందా... ఒక్క ఆటో ఆగదు. చెయ్యెత్తి పిలిచినా పదడుగులు ముందుకు పోయి ఆపుతరు.

ఎందుకంటే, ఆ గేటు ముందర పాట నిలువదు.

నవ్వకండి అమ్మా! ఆటోల పాటైనా, చేతిల ఫోనైనా, అక్కడికి రాంగనే తడబడుతదట. సిగ్నల్ సరిగ లేదు అంటరు చదువుకున్నోళ్లు. అననియ్యండి. నాకు ఈ సంగతి మన మందిరంలనే, ఏకాదశి జాగారం రాత్రి, ఒక పెద్దాయన చెప్పిండు. యాదగిరి నర్సింహస్వామి మీద ఆన, ఆయన చెప్పింది చెప్పినట్టే చెప్త. ఆ దీపం జర ఇటు జరపండి... ఆఁ, చాలు.

కృష్ణమోహన్ అని ఒకాయన. అరవై అయిదేండ్లు. పంజాగుట్టల ఫ్లాటు, మెడల తులసిమాల, పాత తెల్లకారు. భజన పాటల కవి అని పేరు. పందొమ్మిదేండ్ల కింద ఆయన పేరు మీద ఒక సీడీ వచ్చింది, ఎనిమిది పాటలు. పాడింది ఒక ఆడమనిషి. అట్ట మీద మాత్రం 'రచన: కృష్ణమోహన్' అని ఇంతింత అక్షరాలు. అందుల 'మట్టిదీపం' పాట భజన మండళ్లల్ల అందరికీ నోటికొచ్చు.

ఆ కార్తీకంల ఆయనకు సన్మానం పెట్టిన్రు. పున్నమి సాయంత్రం, 'భజన కవి' అని బిరుదు. సభ యాడనో కాదు, ఆ గల్లీ చివర ఫంక్షన్ హాలుల. ముఖ్య అతిథి ఉదయలక్ష్మి గారు, సంగీతం టీచరుగ చేసి రిటైరయినామె. ఫోన్ చేసి అన్నది:

"కృష్ణమోహన్ గారూ, మీ కార్లోనే వస్తానండీ. దారిలో మట్టిదీపం అసలు సీడీ వినిపించాలి మరి!"

వినిపిస్తా అన్నడు. అన్నడు గానీ, గుండెల రాయి పడ్డది. పది రోజులసంది ఆ పాట కారుల సాఫ్‌గ నడువక ఎగురుతున్నది, అన్న మాటే మళ్ల మళ్ల అంటున్నది.

యూసుఫ్‌గూడల దిలావర్ భాయ్ ఉన్నడు. ముప్పై ఏండ్లసంది కార్ల టేపులు, సీడీ ప్లేయర్లు బాగుచేస్తడు. దుకాణం ఒక మంచమంత.

"క్యా సాబ్, ఇంకా సీడీయేనా? దునియా మొత్తం బ్లూటూత్ మీదికి పోయింది. నా దుకాణం మీ ఒక్కలతోనే నడుస్తున్నది!"

"మజాక్ వద్దు భాయ్. వారం రోజులల్ల సభ. మూడో చరణం ఆఖర్ల అటకాయిస్తున్నది."

దిలావర్ డ్యాష్‌బోర్డుల నుంచి ప్లేయర్ గుంజి, మూత విప్పి, పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌ల ముంచి లెన్స్ తుడిచిండు. "కంట్లె మస్తు దుమ్ము సాబ్. గంతే." దుకాణం ముందర పెట్టి చూస్తే ఎనిమిది పాటలూ నూనె పోసినట్టు నడిచినయి.

తెల్లారి నాలుగున్నరకు కృష్ణమోహన్ గుడికి బయలెల్లిండు. తొవ్వల ఆ అమీర్‌పేట గల్లీల గేటు ముందరికి రాంగనే... టక్. పాట ఎగిరింది.

మళ్ల యూసుఫ్‌గూడ. ఈసారి దిలావర్ ప్లేయర్ అడుగు చూపించిండు. "గతుకులు ఆపనీకి నాలుగు రబ్బర్లుంటయి. చూడుండ్రి, బిస్కెట్ లెక్క విరుగుతున్నయి." కొత్తయి వేసిండు. దుకాణం ముందర బ్రహ్మాండం. తెల్లారి గేటు ముందర... టక్.

మూడోసారి ఇంకో ప్లేయర్ల నుంచి లెన్స్ తీసి దీనికి పెట్టిండు. నాలుగోసారి కృష్ణమోహన్ రాంగనే లేచి నిలబడ్డడు.

"ఏ గతుకు మీద ఎగురుతున్నది సాబ్?"

"గతుకు లేదు."

"మరి ఏ జాగల? రోజొక జాగనా, ఒకటేనా?"

కృష్ణమోహన్ తులసిమాల నిమురుకున్నడు. "...ఒకటే."

"రేపు నేను సుత వస్త. నా చేతుల నుంచి బాగుగాకుండ పోయిన ప్లేయర్ లేదు."

మరునాడు తెల్లారుజామున ఇద్దరూ బయలెల్లిన్రు. చలి. రోడ్డు మీద మంచు. కారుల అయిదో పాట నడుస్తున్నది, మట్టిదీపం కాదు. గల్లీ తిరిగిన్రు. రోడ్డు అద్దం లెక్క ఉన్నది, ఒక్క గుంత లేదు. గేటు వచ్చింది—

టక్.

అయిదో పాట పోయింది. దానంతటదే మట్టిదీపం వచ్చింది, అదీ మూడో చరణం ఆఖరి మాట కాడికి. "నా మొర వినరాదా... వినరాదా... వినరాదా..."

దిలావర్ చెయ్యి చాపి తాళం తిప్పిండు. ఇంజన్ ఆగింది. లైట్లు ఆరినయి.

"...వినరాదా... వినరాదా..."

ఫ్యూజ్ గుంజి చేతిల పట్టుకున్నడు. అప్పుడు ఆగింది. ఆగంగనే... ఎవరో ఊపిరి తీసుకున్నరు. పాట ఎత్తుకునే ముందు తీసుకుంటమే, ఆ ఊపిరి. తర్వాత సన్నగ, తడిసినట్టున్న గొంతు—

"పూలగంప దించి నీకు పూజ జేసినానయ్యా..."

అంతే. అక్కడికి తెగింది.

"సాబ్," దిలావర్ గుసగుసగ అన్నడు, ఎన్కకు తిరగకుండ. "గిది స్పీకర్ల నుంచి రాలేదు. ఎన్క సీట్ల నుంచి వచ్చింది."

కృష్ణమోహన్ కారు తలుపు తెరవబోయిండు.

"నాలుగు రోజులసంది వింటున్న. పాట మొత్తం నోటికొచ్చింది నాకు. సీడీల గీ లైన్ లేనే లేదు. ఎవరు సాబ్ ఆమె?"

"నాకేం తెలుసు!"

"దుమ్ము తుడిచిన, రబ్బర్లు మార్చిన, లెన్స్ మార్చిన. రోడ్డు మీద తప్పు లేదు." దిలావర్ ఫ్యూజ్ ఆయన అరచేతిల పెట్టిండు. "ఇంక చూడనీకి మిగిలింది మీరే సాబ్."

కృష్ణమోహన్‌కు తెల్వకేం? ఆ ఊపిరి సుత తెలుసు.

ఆమె పేరు సత్తెమ్మ. గుడి మెట్ల మీద పూలు అమ్మేది. అక్షరం ముక్క రాదు. గంప ముందర కూసొని తనంతట తనే పాటలు కట్టేది. ఆ సెల్లారు అప్పుడు రికార్డింగ్ గది. ఈయనే తోలుకపోయి పాడించిండు, "నీ పాటలు లోకమంత వింటది సత్తెమ్మా" అని. మనకు తెలుసు గద, భజన పాటకు ఆఖరి చరణంల కట్టినోళ్ల పేరు ఉంటది. రాయరానోళ్లకు అదే సంతకం. సత్తెమ్మ ఎనిమిది పాటలకూ నాలుగో చరణంల తన పేరు పెట్టుకున్నది.

ఎనిమిదింట్ల నుంచీ నాలుగో చరణం కోయించేసిండు కృష్ణమోహన్.

వినాయక చవితి మండపం కాడ మైకుల తన పాట విని సత్తెమ్మ నిలబడిపోయింది. మూడో చరణం అయింది. తర్వాత ఉత్త తబలా. ఉరికొచ్చి అడిగింది, "అయ్యా, నా చరణమేది?"

"డిస్కుల జాగ సరిపోలేదమ్మా" అన్నడు ఈయన. అందుల ఇంకా అరగంట పాట పట్టేది.

ఆమెకు చదువు లేదు గానీ అబద్ధం తెలుస్తది. రోజూ వచ్చి ఆ గేటు ముందర నిలబడేది. ఒకనాడు వానల తడిసి, వణుకుతనే, మెల్లగ అన్నది: "నన్ను నా పాటల నుంచి ఎట్ల కోసినవో, నిన్ను నీల నుంచి అట్ల కోస్త." మూడో రోజు జ్వరంతోటి పోయింది. ఆ వానకు సెల్లారులకు వచ్చిన నీళ్లు ఇప్పటికీ తోడలేకపోయిన్రు.

ఇవన్నీ కళ్ల ముందర తిరిగినయి ఆయనకు. అప్పుడన్నా చెంపలేసుకుంటే పోయేది. ఏమన్నడో తెలుసా?

"ప్లేయర్ పీకెయ్ భాయ్. సీడీ ఇరగ్గొట్టు."

దిలావర్ స్క్రూడ్రైవర్ తీసిండు. "పీకుత సాబ్. కానీ బీమారీ ప్లేయర్ల ఉన్నదని నాకు అనిపిస్తలేదు."

పున్నమి వచ్చింది. ఉదయలక్ష్మి గారు కారెక్కి డ్యాష్‌బోర్డుల బొంద చూసింది. "అయ్యో, ప్లేయర్ ఏదండీ?"

"రిపేరుకు ఇచ్చిన మేడమ్."

గల్లీ తిరిగిన్రు. గేటు... వచ్చింది. కారు దాటింది. ఏ చప్పుడూ లేదు. పీడ పోయిందనుకున్నడు. అద్దంల తన మొఖం చూసుకొని నవ్విండు సుత.

హాలు నిండ జనం. శాలువా కప్పిన్రు. ఉదయలక్ష్మి గారు మైకు పట్టుకొని ముద్దుగనే అడిగింది: "నాకొక సందేహమండీ. ప్రతి భజన పాటకీ చివర్లో కవి పేరుంటుంది. మీ మట్టిదీపానికి లేదేం? నిజం చెప్పండి, ఈ పాట మీరే రాశారా?"

జనం నవ్విన్రు. ఈయన సుత నవ్వి మైకు అందుకున్నడు.

"ఈ పాట రాసింది నే..."

టక్.

"నే... నే... నే... నే..."

మైకాయన ఉరికొచ్చి మైకు మార్చిండు. "నే... నే... నే..." వైరు మార్చిండు. "నే... నే..." జనం చప్పట్లు కొట్టబోయి ఆగిన్రు. కృష్ణమోహన్ రెండు చేతులతోటి గొంతు పట్టుకున్నడు. లోపల ఏదో గిర్రున తిరుగుతున్నది, ఎగురుతున్నది, మళ్ల వచ్చి అదే జాగల పడుతున్నది. ఎన్క వరసల దిలావర్ లేచి నిలబడ్డడు. ముప్పై ఏండ్లు విన్న చప్పుడాయె, గుర్తుపట్టడా?

అప్పుడు ఆ నోట్ల నుంచే, ఆ మీసాల కింది నుంచే, ఒక ఆడమనిషి ఊపిరి తీసుకున్నది.

"పూలగంప దించి నీకు పూజ జేసినానయ్యా
సత్తెమ్మ పాడె పదము, సాక్షి నువ్వే నర్సింహా..."

ఆపకుండ పాడింది. ఎనిమిది పాటలవీ ఎనిమిది చరణాలు. ఒక్కొక్క చరణం అయినప్పుడు ఆయన కండ్లు "చాలు, ఇడిచిపెట్టు" అని బతిమాలుతనే ఉన్నయట. ఆఖరిది పాడినంక ఇడిచింది. ఆయన స్టేజీ మీద కూలబడి, తన గొంతుతోటి, "సత్తెమ్మ... కట్టింది సత్తెమ్మ" అన్నడు. శాలువా తీసి కుర్చీ మీద పెట్టిండు.

ఇంతవరకు చెప్పి ఆ పెద్దాయన నీళ్లు తాగిండు. నాకు ఊకె ఉండబుద్ధి కాలేదు. "పోనీ, ఒప్పుకున్నడు గద! సత్తెమ్మ శాంతించినట్టేనా?" అన్న.

"పాట మీద ఆమె పేరు వచ్చింది. కృష్ణమోహన్ అన్నీ మాట్లాడుతడు. నీళ్లు కావాలంటడు, ఆకలంటడు. తనను తాను చెప్పుకునే ఒక్క మాట మాత్రం ఆమె దగ్గరనే ఉండిపోయింది. దిలావర్ దగ్గరికి పోయి నోరు తెరిచి సుత చూపించిండు. 'లెన్స్ అయితే తుడుస్తుంటి సాబ్' అని ఏడ్చిండు పాపం దిలావర్."

"మరి కార్ల మాట, గుండెల మాట, ఇవన్నీ మీకెట్ల తెలిసినయి? ఎవరాయన? మీకేమైతడు?"

పెద్దాయన తల వంచుకున్నడు. మెడల తులసిమాల పక్కకు జరిపి, రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకున్నడు. పెదవులు విడినయి.

"నే..."

టక్.

"నే... నే... నే... నే..."

మందిరంల తాళాలు ఆగినయి. మేమంతా లేచి సత్తెమ్మ చరణం ఎత్తుకున్నం. ఒకసారి పాడినం, ఆగలేదు. పదిసార్లు పాడినం, ఆగలేదు.

తెల్లారి కోడి కూసేదాక ఆమె ఇడువలేదు.