దీపంవేళ ఎవరో మెసేజ్ పెట్టారు

తనకే తెలియకుండా, తన కంప్యూటర్ నుంచే తన పెళ్లిసంబంధం రద్దయిపోయిందని వాసవీకుమారికి పొద్దున్నే తెలిసింది. అస్కా ఊరి పెళ్లివారికి వాట్సాప్‌లో ఆమె పేరుతో "ఈ సంబంధం నాకొద్దు" అని వెళ్లింది, నిన్న సాయంత్రం సరిగ్గా దీపాలవేళ.

వద్దనే ఆమె కూడా అనుకుంది. అనే ధైర్యం మాత్రం ఇంకెవరికో వచ్చింది.

తండ్రి రామచంద్రరావుగారు కబురు విని తల పట్టుకున్నారు. పట్టుకునే రెండిడ్లీలు ఎక్కువ తిన్నారు.

బరంపురంలో ఆయన పట్టుచీరల హోల్‌సేల్ కొట్లో కంప్యూటర్ పనంతా వాసవిదే. దాన్ని బాగుచేసేది పక్కవీధి శ్యామ్. వచ్చినప్పుడల్లా మెషిన్ కంటే ఆమెనే ఎక్కువసేపు పరీక్షించి, ఒక్కమాటా అనకుండా పోయే రకం. నిన్న సాయంత్రం కూడా కొట్లోనే ఉన్నాడు. పంపింది అతనైతే దొంగ, కాకపోతే మొద్దు. రెండిట్లో ఏది కావాలో ఆమెకే తేలలేదు.

కబురు పెడితే బ్యాగుతో వచ్చాడు.

"నా పేరుతో రాసింది నువ్వేనా?"

"నాకు రాసీ ధైర్యమే ఉంటే, ముందు నీకే రాసీవోణ్ణి" అనేసి, తన మాట తనకే వినబడి స్క్రూడ్రైవర్ వెతుక్కున్నాడు.

సీట్లోంచి లేచేటప్పుడు లాక్ చెయ్యవా అని అడిగాడు. లాక్ చెయ్యడానికి నొక్కాల్సిన విండోస్ మీట పనిచెయ్యదంది. ఎలా చేస్తుంది? దసరా ఆయుధపూజకి కీబోర్డు నిండా గంధం, కుంకుమ పెట్టారు. ఆ మీట అప్పట్నుంచీ భక్తిగా అతుక్కుపోయి ఉంది.

శ్యామ్ నవ్వాపుకుని, డెస్క్‌టాప్ మీద లాక్ చేసే షార్ట్‌కట్ ఒకటి తయారుచేశాడు. దాని ప్రాపర్టీస్‌లోకి వెళ్లి కంట్రోల్, ఆల్ట్, ఎల్ మీటలు కేటాయించాడు.

"లేచీముందు ఈ మూడూ కలిపి నొక్కు. పాస్‌వర్డ్ లేందే తెరుసుకోదు. అలాగని పాస్‌వర్డ్‌కి కొట్టు పేరెట్టకు."

"మరేటి పెట్టాలి, నీ పేరా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. వంగి వైర్లు సర్దడంలో పడ్డాడు. మొద్దేనని ఆమె ఖాయం చేసుకుంది.

మరి దొంగెవరు? దీపం పెట్టగానే కొట్లో అందరూ లేచి కళ్లు మూసుకుని దణ్ణం పెట్టడం వాళ్ల ఆనవాయితీ. మెసేజ్ వెళ్లింది అప్పుడే.

ఆ సాయంత్రం దీపం వెలగగానే వాసవి మూడు మీటలూ నొక్కి లేచింది. చేతులు జోడించింది కానీ, ఒక కన్ను దేవుడికి అప్పగించలేదు. దొంగని పట్టడానికి ఆగిపోయిన శ్యామ్‌దీ పక్కన అదే పాపం.

ఎడమచేతిలో హారతి పళ్లెం, కుడిచేతి వేలు కీబోర్డు మీద. తెరుచుకోని కంప్యూటర్‌ని ఆత్రంగా పొడుస్తున్నది, మౌస్ పట్టుకోవడమే రాదని ఊరంతా చెప్పుకునే రామచంద్రరావుగారు.

"నాన్నా, నువ్వా?"

ఆయన పళ్లెం కింద పెట్టారు.

"నానే. అస్కా సంబంధం మా బావ సూసింది. నేను కాదంటే సుట్టరికం పోతాది. పిల్లే వద్దందంటే ఎవుడూ ఏటీ అన్లేడు, అందుకే నీ పేరెట్టీసినాను. బాగున్న ప్రింటర్‌కి కూడా నువ్వు ఇతగాణ్ణే పిలుస్తుంటే నాకు తెలీదేటి? ఇప్పుడేటంటే, ఖల్లికోట ఊళ్లో ఉన్న ఈడి అమ్మకి సంబంధం గురించి ఒక ముక్క రాద్దామని వచ్చినాను. మీ ఇద్దరూ నోరిప్పరు కదా, మరెవుడు రాయాల?"