మంగాయమ్మ కుండ నీళ్ళు

ఏలూరులో డిటెక్టివ్ లక్ష్మీదుర్గ ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి ఆబిదా కాళ్ళకి ఒక్క చెప్పే ఉంది. రెండోది ఊళ్ళో జనం తరిమినప్పుడు ఊడిపోయింది.

"మా ఆయన్ని చంపేస్తారండీ," అంది గుమ్మంలోనే. "సగం చంపేశారు. మిగతా సగం పోలీసులకి వదిలేశారు."

లక్ష్మీదుర్గ కుర్చీ చూపించింది. అసిస్టెంటు తన్వీర్ తలుపు వేశాడు.

అది 2008 వేసవి. ఎండలు ముదిరితే సముద్రపు నీరు ఉప్పుటేరు కాలవకి ఎదురెక్కి కొల్లేటి ఊళ్ళలోకి వస్తుంది. బావీ ఉప్పే, బోరూ ఉప్పే. కైకలూరు అవతల కొత్తలంక జనం ఏళ్ళ తరబడి వెంకట్రాజు ట్యాంకరు నీళ్ళు కొనుక్కుని బతికారు. మంగాయమ్మ అనే ముసలావిడ కలెక్టరాఫీసు ముందు కూర్చుని, లాఠీదెబ్బలు తిని, ఆ ఉప్పునీళ్ళనే మంచినీళ్ళు చేసే ప్లాంటు తెప్పించింది. ఆబిదా భర్త అజ్మల్ దానికి ఆపరేటరు. నెల తిరక్కుండా మంగాయమ్మ తన కుండలో నీళ్ళు తాగి గిలగిల కొట్టుకుని చచ్చిపోయింది. కుండలో విషం ఉందని పోలీసులు తేల్చారు. జనం ప్లాంటు మీద పడ్డారు. పైపు ఊడబీకి, దాంతోనే అజ్మల్ రెండు చేతులూ విరగ్గొట్టారు. చదువుకున్నవాళ్ళూ కొట్టారు, చదువులేనివాళ్ళూ కొట్టారు. ఆ ఒక్క పనిలో ఊరంతా సమానమే.

"ఆ రోజు మీ ఆయన ఆ నీళ్ళు తాగాడా?"

"రోజూ ముందు ఆయనే తాగుతాడండీ, లైనులో అందరూ చూస్తుండగా. ఆ తర్వాతే కుళాయి తిప్పుతాడు."

"అయితే పద తన్వీర్, కుండ చూద్దాం," అని లేచింది లక్ష్మీదుర్గ.

మంగాయమ్మ ఇంట్లో కోడలు సుబ్బాయమ్మ ఒక్కతే ఉంది.

"ప్లాంటు నీళ్ళు నేనూ తాగానండీ, క్యానులోవి. నాకేం కాలేదు."

"కుండలోవి తాగలేదా?"

సుబ్బాయమ్మ తల దించుకుంది. "అవి మా అత్తగారికేనండీ. ట్యాంకరు రాకముందు నుంచీ ఉప్పునీళ్ళకి అలవాటు పడ్డ నాలిక కదా, ప్లాంటు నీళ్ళు చప్పగా ఉండేవి ఆవిడకి. కుండలో చిటికెడు ఉప్పేసుకునేది. కొట్లాడి తెచ్చిన నీళ్ళకి తనే వంక పెట్టిందంటారని, ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుందండీ."

కుండ వెనక చిన్న రేకు డబ్బా ఉంది. లక్ష్మీదుర్గ మూత తీసి చూసి, రుమాల్లో చుట్టింది. కొల్లేటి గాలికి ఏ ఇంట్లో ఉప్పయినా చెమ్మగిల్లి ముద్దవుతుంది. ఈ డబ్బాలో పైన మాత్రం పొడిపొడిగా ఉండటం తన్వీర్ గమనించాడు.

వెంకట్రాజు తన రొయ్యల చెరువు గట్టు మీద దొరికాడు.

"సినిమాల్లో డిటెక్టివులు మగాళ్ళుంటారు కదండీ?"

"మగాళ్ళకి ఓపిక చాలదండీ. మంగాయమ్మగారింటికి ఎప్పుడైనా వెళ్ళారా?"

"ప్లాంటు మాట ఎత్తిన్నాటి నుంచీ ఆవిడ గడప తొక్కలేదండీ."

"ప్లాంటు నీళ్ళు మంచివి కావంటారా?"

"మంచివైతే ముసల్ది ఉప్పేసుకుని ఎందుకు తాగుద్దండీ?" అని నవ్వాడు.

లక్ష్మీదుర్గ కూడా నవ్వింది. ఆ నవ్వు ఎరిగినవాడు కనక తన్వీర్ నోటుబుక్కు తీశాడు.

మర్నాడు పంచాయతీ ఆఫీసులో ఊరి పెద్దలూ, అజ్మల్‌ని కొట్టినవాళ్ళూ, వెంకట్రాజూ, ఎస్సై కూర్చున్నారు. బల్ల మీద వరసగా గ్లాసులు.

"భయపడకండి, ఇవి వెంకట్రాజుగారి ట్యాంకరు నీళ్ళే," అంది లక్ష్మీదుర్గ. రేకు డబ్బా తీసి ఒక్కో గ్లాసులో చిటికెడు వేసింది. "ఇది మంగాయమ్మ కుండ వెనకున్న ఉప్పు డబ్బా. ఆవిడ ఇలాగే తాగేది. ఆవిడ పేరు చెప్పుకుని తలో గుక్క తాగండి."

అందరూ తాగారు. వెంకట్రాజు గ్లాసు పెదాల దాకా తెచ్చి దించేశాడు.

"బీపీ అండీ. ఉప్పు పడదు."

"విషం ఈ డబ్బాలో ఉందని నేనెవరికీ చెప్పలేదే! మీరొక్కరే ఎందుకు తాగలేదండీ?"

తాగినవాళ్ళు గొంతులో వేళ్ళు పెట్టుకుని బయటికి పరిగెత్తారు. లక్ష్మీదుర్గ వాళ్ళని కాసేపు కక్కుకోనిచ్చింది.

"కొట్టు ఉప్పేనండీ," అంది తాపీగా. "అసలుది నిన్ననే ఎస్సైగారికిచ్చి, డబ్బా కడిగించాను. వెంకట్రాజుగారూ, కోడలికి తప్ప తెలియని సంగతి మీకెలా తెలిసింది? ప్లాంటు మాన్పించమని బతిమాలడానికి వెళ్ళారు. గుమ్మంలోకి పగవాడొచ్చినా నీళ్ళివ్వకుండా ఉండలేని మనిషి ఆవిడ. కుండ ముంచి ఇచ్చింది. మీ నాలిక్కి ఉప్పు తగిలింది, కంటికి డబ్బా కనబడింది. మీ చెరువు మందు ఉప్పులాగే తెల్లగా ఉంటుంది. మళ్ళీ వెళ్ళి అది డబ్బాలో పోసి వచ్చారు. ముసల్ది చస్తే చాలు, ప్లాంటుని జనమే చంపుతారని మీకు తెలుసు."

"ఆ మందు డబ్బా ఈయన షెడ్డులోనే దొరికింది," అన్నాడు ఎస్సై.

వెంకట్రాజు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఇవాళో రేపో పోయే ముసల్దే కదండీ," అన్నాడు.

జీపు వెళ్ళిపోయింది. ట్యాంకరు సీజయింది. ఏలూరు ఆసుపత్రిలో పోలీసు కాపలా మధ్య ఉన్న అజ్మల్‌ని సాయంత్రానికి వదిలేస్తామన్నారు. లక్ష్మీదుర్గ వెంట వచ్చి, తిరుగు బస్సు కోసం నిలబడ్డ ఆబిదా దగ్గరికి బిందెలతో ఆడవాళ్ళొచ్చారు. అందరికంటే ముందు, ఆ రోజు అజ్మల్ మీదికి పైపు ఎత్తిన ప్రసాదరావు.

"పొరపాటైపోయిందమ్మా. పైపు బిగిస్తే మోటారు తిరుగుద్ది. అజ్మల్ ఎప్పుడొస్తాడు?"

"ఆయన వేళ్ళు ఇక కదలవన్నారండీ డాక్టరుగారు. అన్నం నేనే తినిపిస్తున్నాను."

"మరి మోటారు వెయ్యడం ఇంకెవరికైనా తెలుసా అమ్మా? పిల్లలు దాహానికి ఏడుస్తున్నారు."

"నాకు తెలుసండీ. ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నాను."

బిందెలు ముందుకి జరిగాయి.

"వెయ్యను," అంది ఆబిదా. ఏలూరు బస్సు ఎక్కేసింది.