అరవకుండా చావు, అక్షయ్

అమెరికాలో, డల్లాస్ దగ్గరి ఇర్వింగ్ దాటాక హైవే పక్క సర్వీస్ రోడ్డు మీద మూతబడ్డ మోటెల్ ఒకటుంది. పట్టపగలు కూడా దాని వైపు ఎవరూ చూడరు. కుక్కలు దాన్ని చూసి రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాయి. కాకులు దాని మీదుగా ఎగరవు, ఎగిరినా కళ్లు మూసుకుని ఎగురుతాయి. నేను స్వయంగా చూశాను... కార్లోంచి, గంటకు డెబ్భై మైళ్ల వేగంలో, కళ్లద్దాలు లేకుండా.

అక్కడ రాత్రిపూట కౌంటర్‌లో కూర్చునే కుర్రాణ్ణి ఎవరో పొడిచి చంపారు. మన తెలుగువాడే, ఎమ్మెస్ చదువుకుంటూ పని చేసేవాడు. ఒక్క పోటే అని కొందరు, మూడని కొందరు. నన్నడిగితే నలభై! రక్తం గడప దాటి, పార్కింగ్ దాటి, వెనకాల స్విమ్మింగ్ పూల్ దాకా పారిందట. అప్పట్నుంచి ఆ మోటెల్ ఎన్ని చేతులు మారినా తలుపు మాత్రం తెరుచుకోలేదు.

అలాంటి చోటికి, చీకటి పడ్డాక, బుద్ధున్నవాడు వెళ్తాడా? వెళ్లడు. షార్ట్ ఫిల్మ్ తీసేవాడు వెళ్తాడు.

ఇదంతా నాకు మేధ చెప్పింది. మా పై ఫ్లాట్‌లో ఉండి చదువుకుంటున్న పిల్ల. పాపం, ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప ఇంకేమీ చేతకాదు. ఆ కొరత అక్కడక్కడా నేను తీర్చాను.

సినిమా తీసింది రఘువీర్. ప్లేనోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాల్లో డైరెక్షన్. పోయినేడు అతని సినిమా ఒకటి మనవాళ్ల సభలో వేశారు. అందులో హీరో గుండెల్లో కత్తి దిగాక కూడా తల్లికో మాట, చెల్లికో మాట, స్నేహితుడికో మాట చెప్పి, కళ్లు మూసి, మళ్లీ తెరిచి ప్రియురాలికి ఇంకో మాట చెప్పాడు. వెనక వరసలోంచి ఎవరో, "వీడు చావట్లేదురా, వీడ్కోలు సభ పెట్టాడు!" అని అరిచారు. హాలు హాలంతా ఒకటే నవ్వు. ఒకాయన నవ్వి నవ్వి కుర్చీలోంచి పడి దవడ విరగ్గొట్టుకున్నాడు. దానికి తోడు ఆ ప్లాస్టిక్ కత్తి తెర మీదే అరటితొక్కలా వంగిపోయింది.

అది రఘువీర్ గుండెలో ముల్లయి దిగబడింది.

"ఈసారి ఒక్కడు కూడా నవ్వకూడదు," అన్నాడు. "చావంటే చావులా ఉండాలి."

నొక్కితే అలుగు పిడిలోకి జారిపోయే కత్తి కొన్నాడు. దాని ప్లాస్టిక్ అలుగు పీకేసి, లైటుకి మెరవాలని ఉక్కు అలుగు బిగించాడు. లోపల స్ప్రింగ్ ఉంది కదా, భయమేముంది అనుకున్నాడు.

ఇక రక్తం. అది రేష్మ పని. సినిమాలో హీరో అక్షయ్‌ని పొడిచే ప్రియురాలు కూడా ఆ పిల్లే. అమెరికా వాళ్ల రంగునీళ్లు పలచగా ఉన్నాయని బెల్లం పాకం పట్టి, ఎర్ర రంగు కలిపి, వేడివేడిగా ఫ్లాస్కులో పోసి తెచ్చింది. పాకం పట్టడం అదే మొదలు! లేత పాకం దగ్గర దించాల్సింది కాస్తా అరిసెల పాకం దాటించింది. వేడిగా ఉన్నంతసేపూ అది అచ్చం రక్తమే. చల్లారితే... రాయి.

డిసెంబరు రాత్రి. ఆ మోటెల్ వెనకాల, ఎండిపోయిన పూల్ అడుగున లైటు పెట్టారు. కెమెరా వెనక రఘువీర్, ఎదురుగా అక్షయ్, రేష్మ. మేధది సౌండ్. అక్షయ్ చొక్కా లోపల చిన్న మైకు తగిలించి, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పొడుగు కర్రకు కట్టిన ఇంకో మైకు పట్టుకుని గట్టు మీద కూర్చుంది.

"అన్నా, నేను చచ్చాక బిర్యానీ ఉంది కదా?" అన్నాడు అక్షయ్.

"ముందు సరిగా చావు, తర్వాత తిందువు గాని."

మొదటి టేక్. రేష్మ పొడిచింది. వేడి పాకం పూసిన అలుగు పిడిలోకి జారింది. అక్షయ్ "ఆఁ...!" అని డల్లాస్ దాకా వినబడేట్టు అరిచి, గిలగిలా కొట్టుకుని పడ్డాడు.

అప్పుడు... మేధ హెడ్‌ఫోన్స్‌లో ఎవరో నిట్టూర్చారు.

"అలా కాదు..."

మేధ తిరిగి చూసింది. ఎవరూ లేరు. పగిలిన అద్దాల వెనక చీకటి గదులు, అంతే.

"అన్నా, ఎవరైనా మాట్లాడారా?"

"నువ్వే మాట్లాడుతున్నావ్. సైలెన్స్!"

రెండో టేక్. మళ్లీ పోటు, మళ్లీ అరుపు. ఈసారి ఆ గొంతు చెవికి మరీ దగ్గరగా వచ్చింది. కుర్ర గొంతు. అలిసిపోయిన గొంతు.

"పొడిస్తే అరుపు రాదు... నోరు తెరుచుకుంటుంది, అంతే. ముందు నొప్పి కూడా ఉండదు. వేడి. ఎవరో నా మీద టీ ఒలకబోశారనుకున్నా... చూసుకుంటే, నా చేతిలో నా పేగులు."

మేధ హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీంచి పక్కకు తప్పించింది. మెల్లగా అంది:

"అన్నా... పొడిస్తే అరవరట. నోరు తెరుచుకుంటుందట, అంతే."

"ఎవరన్నారు?"

"ఎవరో... హెడ్‌ఫోన్స్‌లో..."

భయపడతాడనుకుంటున్నారా? డైరెక్టరండీ! కళ్లు తళతళలాడాయి.

"ఎవడన్నా గానీ సూపర్‌గా అన్నాడు! అక్షయ్, అరవకుండా చావు. మాట వద్దు, మూలుగు వద్దు. రేష్మా, ఈసారి పిడి దాకా నొక్కు. నేను కట్ చెప్పేదాకా ఎవరూ కదలొద్దు."

ఆ మాటలయ్యేసరికి చలిగాలి మరో విసురు విసిరింది. కత్తి పిడిలో పేరుకున్న పాకం బిగుసుకుంది. స్ప్రింగ్ దానిలో సమాధి అయిపోయింది.

మూడో టేక్.

రేష్మ పరుగెత్తుకొచ్చి, ఒళ్లంతా బలం పెట్టి, పిడి దాకా నొక్కింది.

అక్షయ్ అరవలేదు. నోరు తెరుచుకుంది. కళ్లు ఒక్కసారి పెద్దవయ్యాయి. గోడకు ఆనుకుని మెల్లగా... మెల్లగా జారి కూర్చున్నాడు.

"అబ్బ..." రఘువీర్ ఆనందంతో ఏడ్చేస్తున్నాడు.

"కత్తి... కత్తి రావట్లేదు," అంది రేష్మ.

"ష్... అదే ఫీల్. కంటిన్యూ!"

హెడ్‌ఫోన్స్‌లో గొంతు లేదు. అక్షయ్ గుండె మీది మైకులోంచి మాత్రం ఒక చప్పుడు... బుస్... బుస్... సైకిల్ ట్యూబుకి చిల్లు పడ్డట్టు. ఊపిరి నోట్లోంచి కాదు, పక్కటెముకల మధ్యలోంచి పోతోంది.

మేధ అతని చొక్కా చూసింది. పాకం ఈపాటికి గట్టిపడింది, అది కారదు. ఇది కారుతోంది. నేల మీద పాయలుగా, ఆవిర్లు కక్కుతూ.

"కట్ చెప్పన్నా! నిజంగా దిగింది!"

రఘువీర్ కెమెరాలోంచి కన్ను తీయకుండానే పెదవుల మీద వేలు పెట్టాడు.

అంతే! మేధ గట్టు మీంచి దూకింది. మైకు కర్ర ఎత్తి కెమెరాని ఒక్క పెట్టు పెట్టింది. అద్దం ముక్కలు ముక్కలైంది. రెండో పెట్టు రఘువీర్ ముక్కు మీద... ముక్కు టమాటాలా చితికింది. పాల పాకెట్ కూడా గట్టిగా పట్టుకోని పిల్ల!

రేష్మ కత్తి లాగబోయింది. మేధ ఆ చేతిని గోళ్లు దిగేలా పట్టుకుంది. "లాగకే! లాగితే పోతాడు!" తన చున్నీ కత్తి చుట్టూ కుక్కి, ఒళ్లు బరువంతా వేసి నొక్కింది. వేళ్ల సందుల్లోంచి వెచ్చగా పొంగుతోంది. అక్షయ్ పెదాలు నీలంగా మారుతున్నాయి.

"ఫోన్ చెయ్యన్నా! అంబులెన్స్!"

రఘువీర్ ముక్కు పట్టుకుని రెండో చేత్తో జేబులో ఫోన్ వెతుక్కుంటున్నాడు. దొరకలేదు. దొరికింది. చేతిలోంచి జారింది.

వంగి అందుకునేలోపే... పూల్ గోడల మీద ఎర్ర లైటు, నీలం లైటు గిర్రున తిరిగాయి. అంబులెన్స్ వచ్చేసింది.

పిల్లాణ్ణి కత్తితో సహా స్ట్రెచర్ మీదకు ఎక్కించారు. "ఇంకో పది నిమిషాలైతే మేం వచ్చినా ప్రయోజనం ఉండేది కాదు," అన్నాడు అంబులెన్స్ మనిషి. బతికాడండీ అక్షయ్. ఊపిరితిత్తికి కుట్లు పడ్డాయి. ఇప్పటికీ బెల్లం పేరెత్తితే మంచం కిందకు దూరతాడు.

ఆ రాత్రి అంబులెన్స్ వెంట వచ్చిన పోలీసాయన ముసలాయన. మేధ రక్తపు చేతులతోనే అడిగింది, "మేమింకా ఫోనే చెయ్యలేదు. మీరెలా వచ్చారు?"

ఇక్కణ్ణుంచి నేను ఉప్పూ కారం ఏమీ అద్దలేదు. పిల్ల చెప్పింది చెప్పినట్టే చెబుతున్నా.

ఆయన మోటెల్ ఆఫీసు గది వైపు టార్చ్ వేశాడు. చెక్కలు కొట్టేసిన కిటికీ.

"ఫోన్ ఆ కౌంటర్ నంబర్ నుంచి వచ్చింది. ఆ లైన్ తీసేసి ఏళ్లయింది. అయినా అప్పుడప్పుడూ మోగుతూనే ఉంటుంది. ఎవడో కుర్రాడు... పొడిచారు, రక్తం పోతోంది, త్వరగా రండి అంటాడు. మొదట్లో ప్రతిసారీ వచ్చేవాళ్లం. ఎవరూ ఉండరు. తర్వాత మానేశాం. ఇవాళ ఫోన్ల దగ్గర కొత్తమ్మాయి ఉంది. సంగతి తెలియక మమ్మల్ని పంపింది."

టార్చ్ కిందకు దించాడు.

"వాణ్ణి నిజంగా పొడిచిన రాత్రి కూడా వాడే ఫోన్ చేశాడు. ఎవడో తాగి ఆట పట్టిస్తున్నాడనుకుని... మావాళ్లు ఫోన్ పెట్టేశారు."

టార్చ్ ఆర్పేశాడు.

"చివర్లో ఎప్పుడూ ఒక మాట అంటాడమ్మా. ఇంగ్లిష్ కాదు. మీ భాషేమో. ఇన్నేళ్లూ విన్నా నాకు అర్థం కాలేదు."

ఆ మాటని తన నాలుక మీద అటూ ఇటూ తిప్పి, తడబడి, చివరికి ఎలాగో పలికాడు—

"నమ్మండి."