పైకి రాని గీత

"ఆ ఓడ నీకు కొత్తేం కాదుగా?" అన్నాడు బాస్, ఫైలు బల్లమీదికి తోస్తూ.

ఏజెంట్ పదిహేడు ఫైలు తెరవలేదు. అట్టమీదున్న ఓడ ఫొటోని అరచేత్తో కప్పేశాడు.

"హార్బర్ అడుగున మనం దాచిన మైక్రోఫోన్ల మ్యాప్ పోయింది. గోరంత మెమరీ కార్డు. దాన్ని బయటికి చేర్చే విదేశీ ముఠా మనిషి ఈ రీసెర్చ్ షిప్‌లో ఉన్నాడు. లేదా ఉంది. పది రోజుల ప్రయాణం. నువ్వు కేబుల్‌తో బరువులు సముద్రంలోకి దింపే వించ్ ఆపరేటర్‌వి. ఓడలో మనవాళ్లు ఒకరుంటారు. 'లిఫ్ట్ పనిచేస్తోందా?' అని అడిగితే 'మెట్లెక్కుతున్నా' అనాలి."

"ఆయన ఇంకా ఆ ఓడలోనే ఉన్నారా సార్?"

"ఎవరు?"

"మాస్టారు."

బాస్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "క్లోజైన ఫైలు గురించి మాట్లాడుకోవద్దని చెప్పానా లేదా?"

చెప్పాడు. మూడేళ్లుగా చెబుతూనే ఉన్నాడు.

నాలుగేళ్ల క్రితం ఏజెంట్ పదిహేడు దొంగ గడ్డం పెట్టుకుని, పెయింటర్ వేషంలో అదే ఓడ ఎక్కాడు. సముద్రంలో రెండొందల మీటర్ల నుంచి వెయ్యి మీటర్ల దాకా, వెలుగు ఉందో లేదో తెలియని ఆ సందెచీకటి పొరని శోధించే ఓడ అది. అప్పటి చీఫ్ సైంటిస్ట్ మాస్టారు. ఓడలో సగంమంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే కాబట్టి అందరికీ మాస్టారే. నీళ్లలోకి శబ్దం పంపి లోతు కొలిచే సోనార్ తెరమీద మూడొందల ఎనభై మీటర్ల దగ్గర దట్టమైన గీత కనిపించింది. మాస్టారి పుస్తకంలో మాత్రం సముద్రం లోతు మూడువేల మీటర్లని ఉంది. పదిహేడు ఎగిరి గంతేశాడు. 'అసలు లోతు దాచి దొంగ లెక్కలు రాస్తున్నాడు' అని సంతకం లేని రిపోర్టు పంపాడు. విచారణ కమిటీలో ముగ్గురు పెద్దమనుషులు. ముగ్గురిలో ఒక్కరూ ఓడ ఎక్కిన పాపాన పోలేదు. మాస్టారి కుర్చీ ఊడింది. నమూనా సీసాలు కడిగే పని మిగిలింది.

ఆ గీత సముద్రం అడుగు కాదనీ, కోట్ల కొద్దీ చేపలు గుమిగూడి శబ్దాన్ని వెనక్కి కొడితే అడుగులా కనిపిస్తుందనీ, పొద్దుగూకగానే ఆ చేపలన్నీ మేతకి పైకి ఎక్కుతాయనీ ఏడాది తర్వాత పదిహేడుకి తెలిసింది. తెలిసింది ఏ రహస్య పత్రంలోనో కాదు. పంటి డాక్టర్ దగ్గర వంతు కోసం కూర్చుని తిరగేసిన పిల్లల సైన్సు పత్రికలో. పన్ను పీకించుకోకుండానే లేచి వచ్చేశాడు.

ఈసారి గడ్డం లేదు. చేతిలో రెంచీ, దాని పిడిలో రేడియో. మొదటిరోజే మాస్టారు ఎదురయ్యాడు. బక్కపలచని మనిషి, చేపల్ని కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్‌కి పగిలిన వేళ్లు.

"కొత్తగా వచ్చావా బాబూ? కేబుల్ దగ్గర గ్లవ్స్ లేకుండా నిలబడకు. నీకంటే ముందువాడు బొటనవేలు పోగొట్టుకున్నాడు." తన గ్లవ్స్ తీసి ఇచ్చాడు.

పదిహేడు ఆ గ్లవ్స్ తొడుక్కోలేకపోయాడు. జేబులో పెట్టుకు తిరిగాడు.

రోజూ సూర్యుడు దిగే వేళకి మాస్టారు సోనార్ గదికి వచ్చి, తలుపు దగ్గర నిలబడి, ఐదు నిమిషాలు తెర చూసి వెళ్లేవాడు. గీత కదిలి పైకి పాకేది. "బయల్దేరాయమ్మా!" అనేవాడు, బడి వదిలిన పిల్లల్ని చూస్తున్నట్టు. కుర్చీ ఆయనది కాదు కనుక కూర్చునేవాడు కాదు.

ఆరోరోజున ఫొటోగ్రాఫర్ వించ్ దగ్గరికి వచ్చింది. ఆమె డెక్ మీద నడిస్తే చాలు, తాళ్లు చుట్టేవాళ్లు ముడులేయడం మర్చిపోయేవాళ్లు. లోతులో సినిమా తీసే గాజుబంతి కెమెరా ఆమెది. మెడలో వెలుతురు కొలిచే లైట్ మీటర్ వేలాడుతోంది.

"లిఫ్ట్ పనిచేస్తోందా?"

"మెట్లెక్కుతున్నా."

ఆమె నవ్వింది. "దొరికాడు. మీ మాస్టారే."

"ఆధారం?"

మడతపెట్టిన కాగితం తీసింది. "నాలుగేళ్ల నాటి రిపోర్టు. అప్పుడే దొంగ లెక్కలు రాశాడు. ఎవరో మన ఏజెంటే పట్టుకున్నాడు. గట్టివాడు."

పదిహేడు తన అక్షరాలు తనే చదువుకున్నాడు. కాగితం మడిచి ఆమెకి తిరిగిచ్చేశాడు. ఇది తప్పు, ఇది రాసిన వెధవని నేనే అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. పదిహేనేళ్ల ఉద్యోగం అడ్డంపడింది.

"రేపు సాయంత్రం కెమెరా దింపుతాను. ఆ టైంలో కార్డు చేతులు మారుతుందని సమాచారం. ఆయన్ని సీసాల గదిలో పెట్టి తాళం వేయండి. మిగతాది నేను చూసుకుంటా."

మర్నాడు పొద్దు వాలుతుండగా పదిహేడు మాస్టారి దగ్గరికి వెళ్లాడు. వించ్ అసిస్టెంట్‌కి అప్పగించాడు. జేబులో తాళం ఉంది.

"మాస్టారూ, సీసాల గదిలో ఏదో పగిలింది. ఓసారి రండి."

"పద." మూతపెట్టి తుడుస్తున్న నమూనా సీసా చంకలో పెట్టుకుని వెంట నడిచాడు. సోనార్ గది దగ్గరికి రాగానే ఆగాడు. "బాబూ, టైమయింది. ఒక్క ఐదు నిమిషాలు. రోజుమొత్తంలో నాకు మిగిలింది ఇదొక్కటే."

తాళం వేయడానికి వచ్చినవాడు కాదనాలి. కానీ ఆ మనిషికి మిగిలింది ఐదు నిమిషాలే కావడానికి కారణం ఎవరో పదిహేడుకి తెలుసు. సిగ్గుతో చచ్చిపోతూ పక్కకి తప్పుకున్నాడు.

తెరమీద గీత కదిలింది. మూడొందల అరవై. మూడొందల నలభై. మాస్టారు "బయల్దేరా..." అని సగంలో ఆపేశాడు.

"ఏమైంది?"

"కింద చూడు. గీత పైకెళ్లింది, కానీ మూడొందల ఎనభైలో ఇంకోటి ఉండిపోయింది."

"కొన్ని చేపలు కిందే ఉండిపోవచ్చుగా?"

"ఉంటాయి. పల్చగా, మసకగా ఉంటాయి. ఇంత గట్టిగా, గిరిగీసినట్టు ఉండవు. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నానయ్యా. అది ఇనుము."

సబ్‌మెరైన్! పగలంతా చేపల గుంపులో నక్కింది. చేపలు లేచి వెళ్లిపోగానే దుప్పటి లాగేసినట్టు బయటపడింది. అందరూ పైకెక్కే గీతనే చూస్తారు కనుక కింద మిగిలినదాన్ని చూసే మనిషి ఈ ఓడలో ఒక్కడే. ఆ ఒక్కణ్ణీ గదిలో పెట్టి తాళం వేయమని ఆమె చెప్పింది.

పదిహేడు పరిగెత్తాడు.

వించ్ మీటర్ మూడొందల యాభై రెండు చూపిస్తోంది. కేబుల్ జారిపోతోంది.

"మూడొందల ఎనభైలో ఆపు" అంటోంది ఫొటోగ్రాఫర్ అసిస్టెంట్‌తో, తీరిగ్గా.

మూడొందల అరవై ఆరు. పదిహేడు అసిస్టెంట్‌ని పక్కకి నెట్టి బ్రేకు మీద పడ్డాడు. పట్టు దొరకలేదు. మూడొందల డెబ్భై. బ్రేకు సందులో రెంచీ దూర్చి బలమంతా వేశాడు. కేబుల్ కీచుమంది. మూడొందల డెబ్భై ఏడు దగ్గర మీటర్ ఆగింది. కింద సబ్‌మెరైన్ యంత్రపు చెయ్యి చాపి, కెమెరాతో దిగే కార్డు కోసం చూస్తూ ఉండాలి, మూడు మీటర్ల దూరంలో.

"మీరు మెట్లు దిగుతున్నారు" అంది ఆమె. లైట్ మీటర్ అతని గుండెకి గురిపెట్టింది. దాని కొనలో విషపు సూది మెరిసింది. "బ్రేకు వదలండి."

"ఎంతకాలంగా రెండు జీతాలు?"

"మీరు రిపోర్టులు రాసినంతకాలంగా. మీలాంటివాళ్లు ఉంటే నా పని సులువు."

ఆ మాట సూదికంటే ముందు దిగింది. ఇంతలో గాల్లో ఏదో తిరుగుతూ వచ్చి ఆమె మణికట్టుకి తగిలి భళ్లుమంది. దూసుకొచ్చిన సూది గురితప్పి వించ్ డ్రమ్‌లో గుచ్చుకుంది. ఫార్మలిన్ ఘాటుకి ఆమె కళ్లు మూసుకుని దగ్గుతూ కూలబడింది. అసిస్టెంట్ తాడు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

మెట్ల మీద మాస్టారు నిలబడి ఉన్నాడు, ఆయాసపడుతూ.

"అయ్యో, ఆ సీసాలో నిన్నటి లాంతరు చేప ఉందయ్యా!" అన్నాడు.

కెమెరా పైకి లాగారు. గాజుబంతి రబ్బరు పట్టీ కింద కార్డు దొరికింది. తెరమీద ఆ గట్టి గీత మెల్లగా కిందికి జారి మాయమైంది.

అందరూ వెళ్లాక మాస్టారు గాజుముక్కలు ఏరుతున్నాడు. పదిహేడు పక్కన కూర్చున్నాడు.

"మాస్టారూ, నాలుగేళ్ల నాటి ఆ రిపోర్టు రాసింది నేనే. పెయింటర్‌ని."

ముక్కలు ఏరే చెయ్యి ఆగింది.

"చేపలండీ అని చెప్పాను కమిటీకి. నవ్వారు. సరే, వాళ్లకి తెలియదు." ఒక ముక్క డబ్బాలో వేశాడు. "మా ఆవిడ కూడా అడిగింది, ఇంతకీ ఏం దాచారండీ అని. పోయేరోజు దాకా అడిగింది. నీ రిపోర్టు నమ్మింది బాబూ, నన్ను కాదు. దానికేం చేస్తావ్?"

చేయగలిగింది లేదు. పదిహేడుకి ఏడుపొచ్చింది. ఏడ్చే హక్కు లేదనిపించి దిగమింగుకున్నాడు. జేబులోంచి గ్లవ్స్ తీసి, తొడుక్కుని, మిగతా గాజుముక్కలు ఏరాడు. మాస్టారు వద్దనలేదు. ఫరవాలేదని కూడా అనలేదు.

ఒడ్డు చేరాక పదిహేడు రెండు రిపోర్టులు ఇచ్చాడు. మొదటిది చదివి బాస్ శభాష్ అన్నాడు. నాలుగేళ్ల నాటి రిపోర్టు తప్పని ఒప్పుకున్న రెండోది చదివి లేచి నిలబడ్డాడు.

"కింద నీ పేరు రాశావేంటయ్యా! ఇది ఫైలెక్కితే నీ ఉద్యోగం ఊడుతుంది."

"పోయినసారి పేరు రాయకపోవడం వల్లే ఇంత జరిగింది సార్."

ఫైలెక్కింది. ఉద్యోగం ఊడింది.

రెండు నెలల తర్వాత ఓడ మళ్లీ బయల్దేరింది. సోనార్ గదిలో చీఫ్ సైంటిస్ట్ కుర్చీలో మాస్టారు కూర్చున్నాడు. సీసాలు కడిగే పనికి కొత్తగా చేరినవాడు కింద గదిలో చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. పదిహేనేళ్లపాటు ఏ దేశపు ముఠా అతన్ని పట్టుకోలేకపోయింది. సీసా అడుగున సబ్బునురగ వదిలేసినందుకు మాస్టారు మొదటిరోజే పట్టుకున్నాడు.