నూట పంతొమ్మిది డిగ్రీలు

2016 జనవరిలో, విజయనగరంలోని ఓ ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో, తులసి తన ప్రాజెక్టు పార్టనర్‌తో మాట్లాడిన మొదటి మాటే గొడవ.

"ఈ ఫారంలో మైక్రోకంట్రోలర్ పేరు ఎవరు రాసినారు?"

"నేనే. మోహనకృష్ణ. మనిద్దరం ఒకే బ్యాచ్."

"పేరు తరవాత. ఏం కొలవాలో తెలీకుండా చిప్ ఎలా ఎంచేసినావు?"

"అందరూ వాడేదే కదండీ!" అన్నాడు అతను, కళ్ళద్దాలు సర్దుకుంటూ. బొబ్బిలి అబ్బాయి. వీణ మేష్టారు వేంకటాచలం గారి కొడుకు. కోపంలో కూడా 'అండీ' అంటాడు.

తులసిది భావనపాడు. కిందటేడు వేటలో ఉండగా వాళ్ళ నాన్న దాలయ్య బోటు ఇంజన్‌కి చల్లనీళ్ళు లాగే గొట్టంలో ప్లాస్టిక్ సంచి అడ్డుపడింది. ఇంజన్ కాలి పట్టేసింది. నలుగురు మనుషులు ఓ పగలూ ఓ రాత్రీ నీళ్ళమీద కొట్టుకుపోయారు. ఒడ్డున కూర్చున్న ఆ పగలూ రాత్రీ తులసి మర్చిపోలేదు. నీళ్ళు ఆగితే ముందు వేడెక్కేది పొగగొట్టం. అక్కడ వేడి పసిగట్టి అరిచే అలారం చెయ్యాలన్నదే ఆమె పంతం.

"పొగగొట్టం వేడికి నిలిచే సెన్సర్ థర్మోకపుల్ ఒక్కటే," అంది. "డిగ్రీకి అదిచ్చేది నలభై ఒక్క మైక్రోవోల్టులు. చీమ గుసగుస. నీ చిప్‌కి ఇనిపిస్తాదా?"

"ఎందుకు వినిపించదు?"

"లెక్క కట్టు మరి."

కట్టాడు. వోల్టుల్ని అంకెలుగా మార్చే పది బిట్ల ఏడీసీ, అయిదు వోల్టులు. జవాబు చూసి పెన్ను కింద పెట్టేశాడు. డిస్‌ప్లేలో ఒక్క అంకె మారాలంటే పొగగొట్టం నూట పంతొమ్మిది డిగ్రీలు వేడెక్కాలి.

"ఈలోగా మా నాన్న ఇంకో ఊర్లో తేలతాడు," అంది తులసి.

అతను నవ్వేశాడు. తన తప్పుకి తనే అంత హాయిగా నవ్వే మగపిల్లాణ్ణి ఆమె చూడటం అదే మొదటిసారి. చూపు తిప్పుకుందామనుకుని, కాస్త ఆలస్యంగా తిప్పుకుంది.

మోహనకృష్ణ బయట ఒక యాంప్లిఫయర్ పెట్టి, తీగలు గుచ్చే బ్రెడ్‌బోర్డు మీద ఇరవై తీగలతో గుసగుసని కేకగా మార్చాడు. ఏప్రిల్‌లో సార్ ముందు బ్రహ్మాండంగా పనిచేసింది. సార్ వెళ్ళగానే తులసి బల్లని గట్టిగా గుద్దింది. అంకెలు గంతులేశాయి.

"సూసినావా? ఇంజన్ ఇంతకన్నా ఊపుతాది. ఉప్పుగాలికి ఈ తీగలు నెల్లాళ్ళు కూడా నిలవవు. యాంప్లిఫయర్ లోపలే ఉన్న చిప్ కావాలి."

"మార్కులొచ్చేశాయి కదా తులసీ, ఇంకా ఎందుకు?"

బయట ఈదురుగాలి వాన మొదలైంది. వరండాలో అందరూ ఆగిపోయారు. ఆమె ఆగలేదు.

"మా నాన్న మార్కుల కోసం యేటకెల్లడు," అని, బ్యాగ్ నెత్తిన పెట్టుకుని వానలోకి దిగిపోయింది. అతను గొడుగు తెచ్చి పరిగెత్తేసరికి బస్సు కదిలిపోయింది.

వేసవి. వేట నిషేధం. జూన్ పద్నాలుగు దాటితే బోట్లు మళ్ళీ కడలికి వెళ్తాయి. సిగ్నల్ దొరికే ఇసుక దిబ్బ మీద కూర్చుని తులసి ఫోన్లో చిప్‌ల వివరాలుండే డేటాషీట్లు చదువుతూనే ఉంది. మే మొదట్లో ఓ సాయంత్రం మోహనకృష్ణ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది.

'నూట ఎనభై నాలుగో పేజీ చూడు.' కింద ఒక చిప్ డేటాషీట్.

చూసింది. ముప్ఫై రెండు రెట్లు పెంచే యాంప్లిఫయర్, దాని వెనకే పదహారు బిట్ల ఏడీసీ. బయట వేడిని సరిచూసుకోవడానికి లోపలే టెంపరేచర్ సెన్సర్. అన్నీ గోరంత చిప్‌లో.

'ఇదంతా నువ్వే సదివినావా?'

'మూడుసార్లు. ఆరోజు నువ్వన్నది నిజం. సారీ.'

ఆ రోజు నుంచి సాయంత్రాలు ఇద్దరివీ డేటాషీట్ల మీదే గడిచాయి. మధ్యమధ్య తిన్నావా, పడుకున్నావా అన్నవీ చేరాయి. వాటికి ఏ పేజీలోనూ జవాబు లేదు.

జూన్ పదిన అతను బస్సులు మారి, ఆ చిప్‌తో చేసిన చిన్న బోర్డు గుండెకి హత్తుకుని భావనపాడులో దిగాడు. తులసి తల్లి బుల్లమ్మ చేపల పులుసు పెట్టబోతే, శాకాహారి అని తెలిసి నాలిక కరుచుకుని మామిడికాయ పప్పు చేసింది.

మర్నాడు పొద్దున్న వల లేకుండా, ఒడ్డుకి దగ్గర్లోనే బోటు నడిపారు. మోహనకృష్ణ రెండో కెరటానికే బోటు అంచు పట్టుకుని కూలబడ్డాడు. అయినా బోర్డు పెట్టిన డబ్బీ వదల్లేదు.

దాలయ్య నీళ్ళ గొట్టం వాల్వ్ కట్టేశాడు. పొగగొట్టం వేడెక్కుతోంది. డిస్‌ప్లేలో అంకె మాత్రం కిందకి దిగుతోంది!

"ఏటమ్మా, మంచు కడతన్నాదా?" అన్నాడు దాలయ్య, వాల్వ్ తెరిచేసి.

తులసి తొంగి చూసి నెత్తి కొట్టుకుంది. "ఒరే మోహనా, థర్మోకపుల్ తీగలు తిరగేసి బిగించినావురా!"

మార్చి బిగించింది. మళ్ళీ వాల్వ్ కట్టారు. నూట ఎనభై, రెండొందలు, రెండొందల ఇరవై... ఇంజన్ ఊగుతున్నా అంకె తడబడలేదు. పెట్టుకున్న హద్దు దాటగానే బజర్ చెవులు చిల్లులు పడేలా మోగింది. దాలయ్య వాల్వ్ తెరిచి, ఇంజన్ మీద చెయ్యి వేసి చూశాడు. కళ్ళు చెమ్మగిల్లాయి.

ఒడ్డున బుల్లమ్మ మజ్జిగ గ్లాసు ఇస్తూ సూటిగా అడిగేసింది. "ఈ డబ్బీ కోసమేనా బాబూ, ఇంత దూరం ఒచ్చినావు?"

అతను పాలిపోయిన మొహంతోనే తలెత్తాడు. "కాదండి. తులసి కోసం. మా ఇంట్లో చెప్పే వచ్చాను. నాన్నగారు ఆలోచిస్తానన్నారు. అమ్మ మాత్రం మూడ్రోజులుగా మాట్లాడట్లేదు."

దాలయ్య కూతురి వంక చూశాడు. "నానేటి సెప్తాను? బతుకు దానిది. దాన్నే అడుగు."

తులసి గుండె ఇంజన్ కన్నా గట్టిగా కొట్టుకుంది. గొంతు మాత్రం తడబడలేదు.

"ఎల్లుండి నాను బొబ్బిలి ఒస్తాను. మీ అమ్మగారితో నానే మాట్లాడతాను."

"ఆవిడ వినకపోతే?"

"ఇనేదాకా ఒస్తాను."

"ఇంతకీ ఏమని చెప్తావు?"

తులసి అతని చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంది. అమ్మా నాన్నా వింటున్నారని తెలిసే, గట్టిగా చెప్పింది.

"మీ అబ్బాయంటే నాకు ఇష్టం అని."